జాబితాలోంచి కొట్టేసిన మాట

కోర్టులో టైపిస్టుగా చేరిన మొదటి వారంలోనే నేనొక తప్పు చేశాను. కొట్లాట కేసులో సాక్షి చెప్పిన తిట్టును కొట్టడానికి చేతులు రాక, మొదటి అక్షరం కొట్టి పక్కన చుక్కలు పెట్టాను. మా సీనియర్ ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"చుక్కలు సాక్ష్యం చెప్పవమ్మా. అతను ఏమన్నాడో అదే కొట్టాలి. నువ్వు తిట్టినట్టు కాదు, వినబడింది రాసినట్టు," అంది.

ఆ సాయంత్రం మందిరంలో మోకరించి, నా నోటిని కాపాడమని ప్రభువును అడిగాను. మర్నాటి నుంచి ఏ మాటనైనా పూర్తిగా కొట్టడం అలవాటు చేసుకున్నాను. ఇరవై రెండేళ్ళలో బందరు వీధుల్లో తిరిగే ప్రతి బూతూ నా వేళ్ళ కింది నుంచి వెళ్ళింది. ఒక్కటి కూడా నా నోట్లోకి రాలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. మా చర్చి సంఘం టీవీ బూతుల మీద ఫిర్యాదు రాయాలనుకున్నప్పుడు ఆ పని నాకు అప్పగించడానికి కారణం ఈ ఉద్యోగమే.

మా ఊరి కేబుల్లో ఒక లోకల్ ఛానెల్ వస్తుంది. పొద్దున భక్తి, మధ్యాహ్నం పాత సినిమాలు, సాయంత్రం ఏడింటికి గుడివాడ నాటకాల బృందం వాళ్ళు చేసే హాస్య కార్యక్రమం. ఆదివారం పొద్దున ఆరున్నరకి అదే ఛానెల్లో మా అయ్యగారి వర్తమానం, అంటే ప్రసంగం, అరగంట వస్తుంది. సంఘకాపరిని మేము అయ్యగారు అంటాం, ఆయన భార్యను అమ్మగారు అంటాం. వర్తమానం చూసిన ఇళ్ళే సాయంత్రం హాస్యమూ చూసేవి. అందులో మా ఇల్లూ ఉంది.

ఆ హాస్యంలో ఒక మగవాడు తెల్లచీర కట్టుకుని, ఉత్త నుదుటితో, నడుం వంచి నడుచుకుంటూ వస్తాడు. పక్కవాడు "వచ్చిందిరా ముండ" అంటాడు. డప్పు మోగుతుంది, రికార్డు చేసిన నవ్వులు వినిపిస్తాయి. అతను వచ్చినప్పుడల్లా అదే మాట, అదే డప్పు. ఇంకా చాలా మాటలు ఉండేవి, అవి ఇక్కడ రాయను. ఈ ఒక్కటి రాయక తప్పదు, ఎందుకంటే గొడవంతా దీని మీదే.

సండే స్కూల్లో చిన్నపిల్లల క్లాసు పదిహేడేళ్ళుగా నాది. ఒక ఆదివారం, న్యాయాధిపతి దగ్గరికి విసుగు లేకుండా తిరిగిన విధవరాలి పాఠం చెబుతున్నాను. ఉద్యోగం కోర్టులో కాబట్టి ఆ పాఠం నాకు బాగా ఇష్టం. "ఒక ఊళ్ళో ఒక విధవరాలు ఉండేది" అనగానే వెనక వరసలో ఒక పిల్ల తెల్ల చున్నీ నెత్తిన కప్పుకుని నడుం వంచింది. పక్క పిల్ల ఆ మాట అంది. ఇంకో పిల్ల నోటితో డప్పు కొట్టింది. క్లాసంతా పకపకా నవ్వింది. వాళ్ళలో ఒక పిల్ల తల్లికి భర్త పోయి ఏడాది కాలేదు. ఆ పిల్ల కూడా నవ్వింది. ఎందుకు నవ్వుతుందో దానికి తెలియదు. నేను పాఠం ఆపేసి పాట పాడించాను.

నాకు ఆ మాట ఎక్కడ తగిలిందో చెప్పాలంటే మా అమ్మ గురించి చెప్పాలి. మాది నాగాయలంక అవతల ఒక పల్లె. నాన్న పోయేనాటికి నాకు ఆరేళ్ళు. అప్పట్లో కూలికి వెళ్ళాలంటే పాయ దాటాలి. అమ్మ పడవ దగ్గరికి ముందుగా వెళ్ళినా ముందుగా ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. "ఆగవే ముండా, ముందు ఇంకెవర్నన్నా ఎక్కనీ," అనేవాడు పడవవాడు. కోపంగా కూడా కాదు, పేరు పెట్టి పిలిచినట్టు. అమ్మ పక్కకి జరిగి నిలబడేది. ఆమె చెయ్యి పట్టుకుని నేనూ నిలబడేదాన్ని. ఇంట్లో అదే మాటతో అమ్మ నన్ను ముద్దు చేసేది కూడా. అన్నం తినకపోతే "పిచ్చి ముండా, తినవే" అనేది. మా వైపు ఆ మాట తిట్టూ అవుతుంది, ముద్దూ అవుతుంది. ఎవరు ఎవరిని అంటున్నారన్నదే తేడా.

ఆ రోజుల్లో సైకిలు మీద ఒక యువ బోధకుడు మా పల్లెకు వచ్చేవాడు. ఒకనాడు ఆయనా మాతోపాటు రేవులో నిలబడ్డాడు. పడవవాడు మామూలుగానే ఆ మాట అన్నాడు. బోధకుడు సైకిలు స్టాండు వేసి, "బాబాయ్, ఈమె దేవుని బిడ్డ. ఆ మాట అనడం పాపం. అనొద్దు," అన్నాడు. పడవవాడు నవ్వి, "మీరు ఊరికి కొత్త అయ్యగారూ," అన్నాడు. ఆయన మాత్రం పట్టు వదల్లేదు. అమ్మ ఎక్కేదాకా తానూ ఎక్కనని ఎండలో నిలబడ్డాడు. చివరికి ఆ రోజు అమ్మే ముందు ఎక్కింది. ఆ ఏడే ఆమె బాప్తిస్మం తీసుకుంది. అప్పటి నుంచి ఆ మాట ఆమె నోట మళ్ళీ రాలేదు. నన్నే కాదు, ధాన్యం మీద పడిన కోడిని కూడా అనలేదు.

ఆ బోధకుడే ఇప్పుడు బందరులో మా అయ్యగారు.

సండే స్కూల్లో జరిగింది చెప్పగానే ఆయన ముఖం ఎర్రబడింది. వారం తిరక్కుండా తల్లిదండ్రుల్ని మందిరం వరండాలో కూర్చోబెట్టారు. తల్లిదండ్రుల కావలి బృందం అని పేరు పెట్టారు. గోడ మీద కావలివాడు ప్రమాదం చూసి కూడా బూర ఊదకపోతే ఆ దోషం కావలివాడిదే అవుతుందని వాక్యం చూపించి చెప్పారు. ఇంటికొక వారం చొప్పున హాస్య కార్యక్రమం చూసి వినబడిన చెడ్డమాటలు రాయాలని, ఆ జాబితాతో ఛానెల్ వాళ్ళకీ, కేబుల్ ప్రసారాల ఫిర్యాదులు చూసే జిల్లా కమిటీకీ ఉత్తరం పంపాలని నిర్ణయించారు.

ఏది బూతు, ఏది కాదు అన్న దగ్గర మాత్రం రెండు గంటలు పట్టింది.

"వెధవ కూడా రాయాలి. అదీ విధవ లోంచి వచ్చిందే," అన్నాను.

మా సంఘపెద్ద ఒకాయన చేతులెత్తేశాడు. "సిస్టర్, అది కూడా బూతయితే మా ఇంట్లో నోరు విప్పేవాళ్ళే ఉండరు. మా నాన్న నన్ను పేరు పెట్టి పిలిచింది నా పెళ్ళి శుభలేఖలోనేనండి."

అందరూ నవ్వారు. అమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మన అయ్యగార్ని కూడా అడగండి, స్కూటరు స్టార్టు కాకపోతే దాన్నేమంటారో," అంది. అయ్యగారు కూడా నవ్వేశారు. వెధవ సంగతి తర్వాత చూద్దామన్నారు. ఆ తెల్లచీర మాట దగ్గరకి వచ్చేసరికి ఆయన నవ్వడం మానేశారు.

"జాబితాలో మొదట అదే రాయమ్మా. మీ అమ్మను తలుచుకుని రాయి," అన్నారు.

అప్పుడు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇప్పటికీ ఆ వాక్యం ఆయన గొంతుతోనే వినిపిస్తుంది.

చుక్కలు పెడదామని ఇద్దరు ముగ్గురు అన్నారు. మందిరం నుంచి వెళ్ళే ఉత్తరంలో ఆ మాటలు బాగుండవన్నారు. మా సీనియర్ నాకు చెప్పిందే నేనూ చెప్పాను, చుక్కలు సాక్ష్యం చెప్పవని. అయ్యగారు ఒప్పుకున్నారు. రాత్రి భోజనాల వేళకు ముందే ఆ వారం వంతున్న ఇంటి నుంచి కాగితం నాకు చేరేది. ఏ తారీఖు, ఎన్ని గంటలకు, ఎవరు ఎవరిని ఏమన్నారు అన్నది వరసగా పెట్టి మూడు పేజీలు టైపు చేశాను. అయ్యగారు బృందం అధ్యక్షుడిగా ప్రతి పేజీ చదివి, ప్రతి పేజీ కింద సంతకం పెట్టారు. ఇప్పుడు నా దగ్గరే ఉంటున్న అమ్మకి జాబితా సంగతి చెప్పాను గాని ఏ మాటలు రాశామో చెప్పలేదు. ఆమె ముందు ఆ మాట పలకడం నాకిష్టం లేదు.

ఉత్తరాలు పంపిన ఇరవై రోజులకు, ఒక శనివారం మధ్యాహ్నం, అయ్యగారు ఫోన్ చేసి ఒక ఉత్తరం కొట్టాలి, ఇంటికి రమ్మన్నారు. వెళ్ళేసరికి ఛానెల్ యజమాని సోఫాలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. గుడివాడ వైపు రైతు కుటుంబం, మంచి మాటకారి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"రండి మేడమ్. మా వాళ్ళ బూతులన్నీ అంత అందంగా టైపు చేసింది మీరేనా అండీ? మా రైటరు కూడా అంత శుద్ధంగా రాయడు."

అతను ఫోన్ తీసి ఏదో నొక్కి బల్ల మీద పెట్టాడు. అందులో అయ్యగారి గొంతు. ఇల్లు విడిచిపోయిన చిన్నకొడుకు మీద చెప్పిన వర్తమానం. నాకూ గుర్తుంది. ఆవేశం మీదున్నారు. "తండ్రి ఇంట్లో అన్నీ ఉండగా ఆ వెధవ పోయి పందుల దగ్గర కూర్చున్నాడు," అన్నారు. వెంటనే మా సంఘం నవ్వు. అందులో నా నవ్వు కూడా ఉండే ఉంటుంది.

"ఇది మా ఛానెల్లోనే వెళ్ళిందండి, ఆదివారం ఆరున్నరకి," అన్నాడు యజమాని. "మా వాడు సాయంత్రం ఏడింటికి అంటే బూతు, మీరు పొద్దున ఆరున్నరకి అంటే వాక్యమా అయ్యగారూ? కమిటీ పిలిస్తే నేను ఇదే వినిపిస్తా. నాకు మాత్రం మీ మీద గౌరవమేనండి."

అతను అన్నదాంట్లో తప్పు లేదని నాకు అనిపించింది. "అయ్యగారూ, అదీ జాబితాలో కలుపుదాం. మనవైపు కూడా తప్పుందని రేపు సంఘంలో ఒప్పుకుందాం. ఒప్పుకుంటే పోయేదేముంది," అన్నాను.

అయ్యగారు నా వైపు చూడలేదు. యజమానే మాట్లాడాడు.

"మేడమ్, మిగతావన్నీ తీసేస్తాను. దేవుళ్ళ మీద ఒట్లు, అమ్మ మీద తిట్లు, ఏవీ ఉండవు. ఆ ఒక్క మాట మాత్రం వదిలేయండి. ఆ తెల్లచీర, ఆ మాట లేకపోతే నా ప్రోగ్రామే లేదు. జనం నవ్వేదే అక్కడ. దానికి బదులు అయ్యగారి వర్తమానం గంట చేస్తా, సాయంత్రం ఇంకోసారి కూడా వేస్తా. దివిసీమ దాకా వెళ్తుందండి మన కేబుల్."

అప్పుడు అయ్యగారు అన్నారు. "కంప్యూటర్ ముందు కూర్చో అమ్మా. చెబుతాను, కొట్టు."

కూర్చున్నాను. ఆయన గది మధ్య అటూ ఇటూ నడుస్తూ, కోర్టులో చెప్పినట్టు నిదానంగా చెప్పారు. కమిటీకి పంపిన ఫిర్యాదులోని మొదటి పదాన్ని ఉపసంహరించుకుంటున్నామని చెప్పారు. అది ఈ ప్రాంతపు పల్లెల్లో ఆప్యాయంగా కూడా వాడుకునే మామూలు మాటేనని, అందులో దురుద్దేశం లేదని చెప్పారు. సంఘానికి తెలియకుండా, టైపు చేసిన సహోదరి తన సొంత ఉద్దేశంతో అసభ్య పదాలను యథాతథంగా చేర్చి ఆ ఫిర్యాదు తయారుచేసిందని, అందుకు చింతిస్తున్నామని చెప్పారు.

నా వేళ్ళు ఆగలేదు. ఇన్నేళ్ళ అలవాటు. ఎవరేం చెబితే అది కొట్టడం. చివరి చుక్క పెట్టాక గాని, ఆ సహోదరి నేనేనని నాకు తట్టలేదు.

"అయ్యగారూ, ఇది నిజం కాదు. మూడు పేజీల మీదా మీ సంతకం ఉంది," అన్నాను.

"టైపు చేసింది నువ్వే కదమ్మా. పరిచర్య ఆగకూడదు. దివిసీమలో ఎన్ని ఇళ్ళకు వెళ్తుందో ఆలోచించు. నీ పేరు ఎక్కడన్నా రాయించానా?"

"టైపు చేసే సహోదరి మన సంఘంలో ఒకతే ఉంది."

అమ్మగారు కాఫీ గ్లాసులు తీసుకోవడానికి వచ్చింది. పదిహేడేళ్ళు ఆవిడా నేనూ క్రిస్మస్ నాటికల బట్టలు కలిసి కుట్టాం. నా ముఖంలోకి చూస్తుందేమోనని చూశాను. ఆవిడ గ్లాసులే చూస్తూ లోపలికి వెళ్ళిపోయింది.

ప్రింటు నేనే ఇచ్చాను. ఎందుకు ఇచ్చానో చాలా రోజులు నన్ను నేను అడిగాను. లేచి వచ్చేయవచ్చు. కాగితం చింపేయవచ్చు. ఆరేళ్ళప్పటి నుంచి ఆయన చెప్పింది చేయడమే విధేయత అనుకున్నాను, విధేయతే భక్తి అనుకున్నాను. రేవులో ఎండలో నిలబడ్డ మనిషి అబద్ధం ఆడతాడని నా చేతులకు తెలియదు.

మర్నాడు ఆరాధన చివర, ప్రకటనల్లో, ఆ ఉత్తరం సారాంశం ఆయనే చెప్పారు. అత్యుత్సాహం అన్నారు. చెడ్డమాటల్ని ఎదిరించబోయి మనమే చెడ్డమాటలు రాయకూడదన్నారు. చిన్నపిల్లల క్లాసు కొంతకాలం ఇంకో సహోదరి చూసుకుంటుందన్నారు. నా పేరు చెప్పలేదు. స్త్రీల వైపు కూర్చున్న వాళ్ళంతా పమిటలు సర్దుకుంటూ నా వైపు ఒకసారి చూశారు. వరండాలో చేతులెత్తేసి నవ్వించిన సంఘపెద్ద తల వంచుకుని కూర్చున్నాడు. ఆయనకీ తెలుసు, వాళ్ళందరికీ తెలుసు. ఒక్కరూ లేచి ఒక్క మాట అనలేదు. నేను పిల్లలకు సగంలో ఆపేసిన పాఠంలో న్యాయాధిపతి దేవునికి భయపడేవాడు కాదు, మనుషుల్ని లెక్కచేసేవాడు కాదు. అయినా విసుగుపుట్టి చివరికి ఆమెకు న్యాయం చేశాడు. దేవునికి భయపడేవాళ్ళ మధ్య కూర్చుని నేను దాని గురించే ఆలోచిస్తున్నాను.

ఇంటికి వస్తుంటే ఆటోలో అమ్మ అడిగింది. "ఏమే, అంత పాడుమాట ఏం రాశావు?"

ఆటోవాడు వింటాడని చెవి దగ్గర చెప్పాను. కోనేరు సెంటరు దాటాక, "ఆ మాటా? అది పాపమని నాకు చెప్పింది ఆయనే కదే," అంది.

"ఇప్పుడు మామూలు మాటేనంట. ఆప్యాయంగా అంటారంట."

"ఎవరు?"

నేను ఆటోవాడికి ఇవ్వాల్సిన చిల్లర లెక్కపెట్టాను.

బుధవారం సాయంత్రం నేను కోర్టు నుంచి వచ్చేసరికి అయ్యగారు మా ఇంట్లో కూర్చుని ఉన్నారు. గృహ ప్రార్థనకు వచ్చారు. అమ్మ వందనాలు చెప్పి కుర్చీ వేసినట్టుంది, తాను గోడవారగా కింద కూర్చుంది. ఎప్పుడూ ఆయన ముందు కుర్చీలో కూర్చోదు.

"మనసులో ఏమీ పెట్టుకోకు తల్లీ," అన్నారు నాతో. "పెద్దగా చేసుకోవలసిన విషయం కాదు. క్లాసు సంగతి మళ్ళీ చూద్దాం. మాటకేముంది, మన వైపు అందరూ అనుకునేదే."

నాకు కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే బాగుండేది.

"అయితే అమ్మను ఒకసారి అనండి అయ్యగారూ," అన్నాను.

"ఏమిటి?"

"ఆ మాట. మామూలు మాటే అని రాయించారు కదా. ఆప్యాయంగానే అనండి. ఎదురుగానే ఉంది."

అమ్మ తలెత్తి ఆయన వైపు చూసింది. చిన్నపిల్ల సమాధానం కోసం చూసినట్టు చూసింది. ఆయన అంటారేమోనని ఆమె నిజంగా అనుకున్నట్టే ఉంది. పక్కింట్లో టీవీ నడుస్తోంది, ఏడు దాటింది, డప్పు మోగింది. ఆయన పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఎందుకమ్మా ఈ పంతం," అన్నారు కాసేపటికి.

"పంతం కాదండి. అనలేకపోతే ఉత్తరం వెనక్కి తీసుకోండి. అనగలిగితే నేను ఇంకేం అడగను."

"ఉత్తరం వెళ్ళిపోయిందమ్మా. కొత్త టైము కూడా ఇచ్చేశారు."

తర్వాత ఆయన ఎప్పటిలాగే ప్రార్థిద్దామన్నారు. కళ్ళు మూసుకుని ఈ గృహాన్ని దీవించమని, విధవరాలైన నీ బిడ్డను ఆదరించమని పొడుగ్గా ప్రార్థించారు. మంచి మాటలే. ప్రార్థనలో ఆయన గొంతు ఎప్పుడూ బాగుంటుంది. నేను కళ్ళు మూసుకోలేదు. నా దేవునితో నాకు పేచీ లేదు, ఆ రోజూ లేదు, ఈ రోజూ లేదు. ఆ గొంతుతో కలిసి దేవుణ్ణి అడగడం మాత్రం నావల్ల కాలేదు. ప్రార్థన అయ్యాక ఆమెన్ కోసం ఆయన ఆగారు. అమ్మ చీర అంచు సవరించుకుంటోంది. ఆయనే ఆమెన్ అని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

అమ్మ లేచి, ఆయన కూర్చున్న కుర్చీ మడిచి గోడకి ఆనించింది.

"పిల్లల క్లాసు ఇంక నీకు ఇవ్వరా?" అని అడిగింది.

"ఇవ్వరమ్మా," అన్నాను.

"ఆ పాఠం మొత్తం చెప్పావా వాళ్ళకి?"

"లేదు. సగంలోనే ఆగింది."